కాలువలో వంక

మరిగించిన నీళ్ళ గిన్నెను కోడలు రెండు చేతులా ఎత్తి, అత్తగారు చూస్తుండగానే పెరట్లోకి పారబోసింది.

ఆవిరి గుప్పున లేచి చిక్కుడు పందిరి మీదుగా పోయింది. గుమ్మంలో పీట మీద కూర్చున్న అత్తగారు లేవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చే మనవరాలి కోసం పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి, సగానికి సగం ఇగిరేదాకా కాచిన నీళ్ళవి.

"పోనీలే," అంది. "నా చెయ్యి పడ్డ నీళ్ళు కదా. పారబొయ్యాల్సిందే."

"మీ చేతిని ఎవరూ ఏమీ అనలేదు అత్తయ్యా."

"అనక్కర్లేదమ్మా. చేసి చూపిస్తే చాలు."

వ్యాను డ్రైవరైన కోడలి అన్న వీధి గుమ్మం దగ్గర చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. బయట వ్యాను వెనక తలుపు తెరిచే ఉంది. పిల్ల పక్కబట్టలు, పాలడబ్బా, కోడలి కుట్టుమిషను అప్పటికే అందులోకి ఎక్కాయి. బట్టల మూట ఎక్కితే అలక అనుకోవచ్చు. కుట్టుమిషను ఎక్కిందంటే ఆడది తిరిగి రావడానికి పోవడం లేదు. ఆ సంగతి వీధికి తెలుసు. అందుకే ఎదురింటి కిటికీ రెక్క అరచెయ్యంత తెరుచుకుంది.

పిల్ల డ్రైవరు భుజం మీద నిద్రపోతోంది. మూడో నెల నడుస్తోంది దానికి. మొన్న ఉన్నట్టుండి పెదాలు, గోళ్ళు సిరా పూసినట్టు నీలంగా తిరిగాయి. ఏడవడానికి నోరు తెరిచి, ఏడవలేక, తెరిచిన నోటితో అలాగే ఉండిపోయింది. ఆసుపత్రిలో నీలం రంగు మందే నరంలోకి ఎక్కించారు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలన్నట్టు, ఆ నీలం ఈ నీలాన్ని తీసింది. పిల్ల మళ్ళీ పిల్ల రంగుకి వచ్చింది.

తర్వాత డాక్టరమ్మ అడిగింది ఒకే ఒక ప్రశ్న. పాలపొడి ఏ నీళ్ళలో కలుపుతున్నారని.

బావి నీళ్ళని కోడలు చెప్పింది. ఊరికే కాదు, మా అత్తయ్య ఇగరకాచి ఇస్తుందని కూడా చెప్పింది.

"ఎంత ఇగిరితే అంత చిక్కబడుతుంది," అంది డాక్టరమ్మ. "కాస్తే పురుగు చస్తుందమ్మా. పసివాళ్ళ రక్తాన్ని చెడగొట్టే ఉప్పు చావదు."

ఆ మాట ఇప్పుడు ఇల్లంతా తిరుగుతోంది. ఎవరూ దాని మొహం చూడటం లేదు.

"ఇవే నీళ్ళు తాగి నీ మొగుడు పెరిగాడు," అంది అత్తగారు. "ఎట్లా ఉన్నాడో నువ్వే చూడు."

"చూస్తూనే ఉన్నాను అత్తయ్యా."

డ్రైవరు దగ్గాడు. నవ్వాపుకోవాల్సి వస్తే దగ్గడం అతని అలవాటు. పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది. అది కళ్ళు మూసుకోగానే ముగ్గురూ దాని పెదాల వంక చూశారు.

కోడలి మొగుడు మేస్త్రీ వచ్చేసరికి ఇల్లు ఆ స్థితిలో ఉంది.

అతను కొండ మీద కాలువల మేస్త్రీ. బూట్లకి మోకాళ్ళదాకా తెల్లమట్టి. ఆసుపత్రి నుంచి పెళ్ళాం బిడ్డల్ని ఇంటికి తేవడానికి సెలవడిగితే, సగం పూట ఇచ్చారు. ఆ సగం పూట కాలువ దగ్గరే అయిపోయింది. తెచ్చింది ఆమె అన్న. మన బతుకుల్లో సెలవు చిక్కేసరికి దాని అవసరం తీరిపోతుంది.

ఆ కొండ ఇంటి వెనకనుంచే మొదలవుతుంది. దాన్ని ఎవరూ తవ్వరు, తవ్వనక్కర్లేదు. పైన గుంటలు వేసి, ఉప్పు కలిపిన నీళ్ళు గొట్టాలతో లోపలికి దింపుతారు. ఆ మట్టి తన గుప్పిట్లో ఏనాటినుంచో పట్టుకున్న లోహాన్ని వదిలేసి, ఈ ఉప్పుని పట్టుకుంటుంది. వదిలిన లోహం నీళ్ళతోపాటు దిగివచ్చి కొండ పాదం దగ్గర ఊరుతుంది. కొండచుట్టూ తవ్విన కాలువ దాన్ని తొట్లలోకి మోస్తుంది. తొట్లలో ఇంకేదో పొడి చల్లితే తెల్లటి మడ్డి అడుగుకి దిగుతుంది. దాన్ని ఎండబెట్టి, కాల్చి, సంచులకెత్తి పంపుతారు. దాంతో ఎక్కడో అయస్కాంతాలు చేస్తారట. ఫోన్లలో, మోటార్లలో పెడతారట. చదువుకున్నవాళ్ళు దానికి అరుదైన మట్టి అని పేరు పెట్టారు. కొండంత ఉన్నదాన్ని అరుదు అనడానికి కూడా చదువు కావాలి.

పెళ్ళైన కొత్తలో మేస్త్రీ ఈ ఉప్పూ లోహం సంగతి వివరించబోతే, తల్లి విని ఒక్క మాటలో తేల్చేసింది. "మట్టి కూడా మగాడిలాంటిదేరా. కొత్తది చేతికి రాగానే పాతదాన్ని వదిలేస్తుంది." ఆ మాటకి ఆనాడు కోడలు కూడా నవ్వింది.

ఇప్పుడు ఎవరూ నవ్వే స్థితిలో లేరు. మేస్త్రీ వ్యాను వైపు చూశాడు. కుట్టుమిషను చూశాడు.

"ఏమిటి బావా ఇదంతా?" అన్నాడు డ్రైవరుతో. పెళ్ళాన్ని అడిగే ధైర్యం లేక.

"నన్నడుగుతావేం. నేను బండి తోలేవాణ్ణి. ఎక్కినవి దింపేచోట దింపుతా."

"నేనడుగుతున్నది..."

"నన్నడగండి," అంది కోడలు. "అలిగి పోవడం లేదు. అలిగేంత తీరిక నాకెక్కడిది. ఒక్క పని చెయ్యండి, సామాను నేనే దింపుకుంటాను. పొద్దు గుంకేలోపు ఇంటిముందు బావికి మూత పెట్టండి. ఈ నీళ్ళు తాగొద్దని వీధిలో అందరికీ మీ నోటితో మీరు చెప్పండి."

"మూత నేను పెడతాలే. చెప్పడం ఎందుకు?"

"పక్కింటి వసపిట్ట తన కొడుక్కి పాలపొడే కలుపుతోంది. వాడికింకా నెల నిండలేదు. మన బావిలోంచే తోడుకుంటోంది. అందుకు."

పక్కింటి కోడలికి నోరు మూతపడదు. వసపిట్ట అని పేరు పెట్టింది ఈ అత్తగారే.

"డాక్టరమ్మది అనుమానమే కదా," అన్నాడు మేస్త్రీ. "నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి పంపిద్దాం. వాళ్ళు ఏమంటారో చూసి..."

"పరీక్ష అయిపోయింది." కోడలు వెళ్ళి అన్న భుజం మీది పిల్లని తన భుజం మీదికి మార్చుకుంది. "ఇదిగో, ఇదే పరీక్ష."

అతను బూటు మట్టిని గడప అంచుకి గీకడం మొదలుపెట్టాడు. మట్టి రాలింది. ఇంకా గీకాడు. రాలడానికి ఏమీ లేకపోయినా గీకాడు.

చేతులు ఖాళీ అయిన డ్రైవరు పెరట్లోకి నడిచాడు. పెద్ద తోటేమీ కాదు. చిక్కుడు పందిరి, నాలుగు మళ్ళు ఆకుకూర, టమాటా. కానీ ఆ పచ్చదనం మామూలు పచ్చదనం కాదు. నల్లబడేంత పచ్చ. ఒక్కో ఆకు అరచేతిని మించి ఉంది. టమాటా మొక్కలకి కర్రలు చాలక, పాత తలుపు రెక్క ఆసరా పెట్టారు.

"అత్తయ్యగారూ, మీ పెరడు చూస్తే కడుపు మండుతోంది," అన్నాడు. "మా ఇంటి దగ్గర టమాటా మోకాలెత్తు లేవదు. ఇక్కడేమో నన్ను దాటిపోయింది."

పొద్దుటినుంచి ముసలావిడ మొహంలోకి ప్రాణం రావడం అదే మొదటిసారి. పీట మీంచి లేచింది.

"వీధంతటికీ నా ఆకుకూరే. గుప్పెడు ఎరువు వెయ్యను తెలుసా నాయనా. చేతి చలవ. అదే చెబుతున్నాను వీళ్ళకి. నీళ్ళు చెడిపోతే మొక్క వాడిపోవాలా, ఇంత ఏపుగా పెరగాలా?"

"ఎరువు వెయ్యరా?"

"ఒట్టు."

"మరెవరు వేస్తున్నారు అత్తయ్యగారూ?"

డ్రైవరు ఎగతాళికి అడగలేదు. ఒక ఆకు తుంపి, రెండువైపులా తిప్పి చూస్తున్నాడు.

"నేను కొండకి తోలే ఉప్పు సంచులున్నాయి చూడండి," అన్నాడు. "కొండ మీద పని రాకముందు అవే సంచుల్ని రైతులకి తోలేవాణ్ణి. సంచి అదే, ఉప్పూ అదే. రైతు చల్లితే ఎరువు. కొండలోకి దింపితే ఉప్పునీళ్ళు. చల్లిన వారానికి చేలు ఇట్లాగే తిరిగేవి. ఈ రంగు నాకు తెలుసు. ఈ రంగు చూసి రైతులు నాకు టీ తాగించేవాళ్ళు."

ముసలావిడ పందిరి గుంజ పట్టుకుంది.

మేస్త్రీ గీకడం ఆపాడు.

కోడలు ఎవరితోనూ ఏమీ అనకుండా పెరటి చివరికి నడిచి, నడుమెత్తు గోడ మీంచి అవతలికి వంగి చూసింది. పెళ్ళై వచ్చినప్పటినుంచీ ఆ గోడ మీద బట్టలారేసింది తప్ప, అవతలేముందో చూడాలని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. మన ఆడవాళ్ళకి గోడలు బట్టలారేయడానికే పనికొస్తాయని కదా మన నమ్మకం.

అవతల కాలువ. రెండువైపులా మందపాటి పట్టా పరిచిన కాలువ. అటునుంచి కొండ పాదాన్ని అంటుకుని తిన్నగా వస్తోంది. ఇటుపక్కా పాదాన్ని అంటుకునే తిన్నగా పోతోంది. ఈ పెరటి వెనక మాత్రం, మోచెయ్యి మడిచినట్టు పైకి ఎక్కి, దాటాక కిందికి దిగింది.

"ఇక్కడెందుకు వంక తిరిగింది?" అంది.

మేస్త్రీ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నాకు కాలువల సంగతి తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి. అంతా తిన్నగా ఉంది. మన ఇంటి వెనకే ఎందుకు వంక తిరిగింది?"

"పందిరి పోతుందని," అంది అత్తగారు. "వాళ్ళు గీసిన గీత నా పందిరి మధ్యనుంచి పోయింది. పలుగు దించితే నా మీద దించమని అడ్డంగా కూర్చున్నాను."

"నన్నడిగితే తిప్పాను," అన్నాడు మేస్త్రీ. "అప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేసి ఉన్నారు. దేనిమీదో గుర్తు కూడా లేదు. నడుమ నేను నలుగుతున్నాను. ఇంట్లో ఒక గొడవ చాలు, పందిరి గొడవ కూడా ఎందుకని..."

"తిప్పితే ఏమవుతుందో తెలిసే తిప్పారా?"

"పైకి ఎక్కినచోట కింద ఊరేదానికి అడ్డుండదని తెలుసు. కొంచెమే కదా అనుకున్నాను. మట్టి తాగేస్తుందిలే అనుకున్నాను."

"అనుకున్నారు."

"బావి దాకా వస్తుందనుకోలేదు."

ఆమె ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది. తిట్టే పెళ్ళాం ముందు ఎలా నిలబడాలో మగాడికి తెలుసు. మాట్లాడని పెళ్ళాం ముందు చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు.

"పందిరి నరికెయ్యండి," అంది ముసలావిడ.

మేస్త్రీయే కదిలాడు. "టోపీ సారుతో మాట్లాడి వస్తాను. ఈ పక్క గుంటలకి నీళ్ళు ఆపిస్తాను. అంతవరకు బండి కదలనివ్వకు బావా."

"పొద్దు గుంకేదాకా ఉంటా. తర్వాత నా వల్ల కాదు. నా బండికి ఒక్క కన్నే వెలుగుతుంది."

కొండ మీది ఆఫీసు అంటే రేకుల గది. అందులో ఫ్యాను కింద కూర్చుని కూడా నెత్తిమీది ప్లాస్టిక్ టోపీ తియ్యడు కాబట్టి ఇన్‌ఛార్జికి ఆ పేరు. మంచి మనిషి. ఎవరినీ అరవడు. మేస్త్రీ వచ్చి నిలబడగానే కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, పిల్ల ఎలా ఉందని అడిగాడు.

"ఇంటికొచ్చింది సార్. మా వీధి వైపు గుంటలకి నీళ్ళు ఆపాలి సార్."

"ఎందుకు?"

మేస్త్రీ చెప్పాడు. పందిరి నుంచి పెదాల దాకా మొత్తం చెప్పాడు. టోపీ సారు మధ్యలో అడ్డం రాలేదు. టీ మీద తొరక కట్టేదాకా విన్నాడు.

"సరే, ఆపుతాను," అన్నాడు. "ఆపితే ఏమవుతుంది?"

"బావిలోకి రావడం ఆగుతుంది సార్."

"ఆగదు మేస్త్రీ. మనం ఇవాళ పోసేది కాదు కదా వస్తున్నది. కొండ ఇన్నాళ్ళూ పట్టుకుని కూర్చున్నది వస్తోంది. లోహాన్ని వదలమని మనమే ఉప్పు పట్టించాం. ఇప్పుడు వాన కురిసినప్పుడల్లా ఆ ఉప్పుని కాస్త కాస్త వదులుతుంది. కొన్నేళ్ళు వదులుతుంది."

"మంచినీళ్ళు దింపి కడిగెయ్యొచ్చు కదా సార్?"

"కొండని కడగాలంటే కొండంత నీళ్ళు కావాలి. పోనీ తెచ్చి పోశాం. కడిగిన నీళ్ళు ఏ దారిన దిగుతాయి?"

మేస్త్రీకి దారి తెలుసు. తనే పెట్టాడు.

"డ్రాయింగులో కాలువ తిన్నగా ఉంది," అన్నాడు టోపీ సారు. ఏమాత్రం కోపం లేదు. పక్కింటాయన వాన గురించి చెప్పినట్టు చెప్పాడు. "నేను నీకు వంక పెట్టాలంటే ఎక్కడికో పోయి వెతకక్కర్లేదు. నీ వంక నీ ఇంటి వెనకే ఉంది. వీధిలో చెప్పుకో, నేనేం వద్దనను. కాకపోతే రేపు విచారణకి వచ్చేవాళ్ళు ఉప్పు ఎవరు దింపారని అడగరు. కాలువ ఎవరు తిప్పారని అడుగుతారు. ఈ పక్క పని మూసేస్తారు. మీ వీధిలో కొండ మీద పని చెయ్యని ఇల్లు ఉందా?"

"లేదు సార్."

"వాళ్ళ పని ఎందుకు పోయిందో కూడా నువ్వే చెప్పుకోవాలి."

మేస్త్రీ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాక టోపీ సారు మళ్ళీ పిలిచాడు.

"పిల్లకి మాత్రం బావి నీళ్ళు వాడకయ్యా. సీసా నీళ్ళు కొనుక్కో. మా ఇంట్లో అవే."

"ఎప్పటినుంచి సార్?"

"వచ్చినరోజునుంచీ."

చెడ్డవాళ్ళు చెడ్డగా అరిస్తే ఈ లోకంలో సగం తగువులు తేలిపోయేవి. టీ ఇచ్చి, పిల్ల బాగోగులు అడిగి, మెత్తగా గొంతు నొక్కేవాడితోనే చిక్కు. బయటికొచ్చాక కూడా మెడ తడుముకోవాలని తోచదు.

కొండ దిగుతూ మేస్త్రీ మాట కూడగట్టుకున్నాడు. ఈ నీళ్ళు తాగొద్దు. కాలువ నేనే తిప్పాను. రెండే మాటలు. మలుపు దగ్గర గొట్టాలు బిగిస్తున్న కుర్రాళ్ళు "పిల్ల ఎట్లా ఉంది మేస్త్రీ?" అని అడిగారు. తొట్ల దగ్గర మడ్డి ఎత్తుతున్న వసపిట్ట మొగుడు, ఒళ్ళంతా తెల్లగా, చెయ్యూపాడు. "మావాడు నిన్న నవ్వాడు అన్నా. నెల నిండకుండానే నవ్వాడు," అన్నాడు. మేస్త్రీ కూడా చెయ్యూపాడు. ఇంకాస్త దిగేసరికి రెండు మాటల్లో ఒకటి జారిపోయింది. వీధి మొదట్లోకి వచ్చేసరికి రెండోది కూడా నోట్లో అటూ ఇటూ తిరుగుతోంది కానీ నిలబడటం లేదు.

సాయంత్రం నీళ్ళవేళ. బావి చుట్టూ ఆడవాళ్ళున్నారు. గిలక కిర్రుమంటోంది. గట్టు మీద కూర్చుని మేస్త్రీ తల్లి చెబుతోంది.

"పాలడబ్బా పాతది. మా కోడలు తేదీ చూసుకోకుండా కొనేసింది. చిన్నది కదా, ఏం తెలుస్తుంది. ఈ కాలం పిల్లలకి డబ్బా మీద బొమ్మ బాగుంటే చాలు."

వ్యాను అక్కడికి పది అంగల్లో ఉంది. అద్దం దించే ఉంది. కోడలు పిల్లని ఒళ్ళో పెట్టుకుని, వినపడుతున్నా విననిదానిలా తిన్నగా రోడ్డు వంక చూస్తోంది. డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించుకున్నాడు.

కొడుకుని చూసి ముసలావిడ ఆగింది. ఆ చూపు మేస్త్రీకి అర్థమైంది. ఎవరో ఒకరి మీద వెయ్యాలి కదరా, నీ మీద పడకుండా ఎక్కడో ఒకచోట వేశాను, అన్న చూపు. తల్లులు అబద్ధమాడేటప్పుడు చూసే చూపు.

"డబ్బా పాతది కాదమ్మా," అన్నాడు.

గిలక ఆగింది.

"మరేమిటన్నయ్యా?" అంది వసపిట్ట. చంకలో ఖాళీ బిందె. "నీళ్ళా? పొద్దుటినుంచి మా అత్తా నేనూ అదే అనుకుంటున్నాం. వదిన నీళ్ళు పారబోసిందని ఎదురింటావిడ చెప్పింది. మీరు చెప్పండి. కొండ సంగతి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు. మీరు మంచివంటే మంచివి, కాదంటే కాదు."

అందరూ అతని మొహం చూశారు. అతనూ అందరి మొహాలూ చూశాడు. ఈమె మొగుడు తొట్ల దగ్గర. ఆమె తమ్ముడు గొట్టాల దగ్గర. ఆ మూల నిల్చున్నామె కొడుక్కి పని ఇప్పించింది తనే.

"పూడిక," అన్నాడు.

వ్యానులో కోడలి తల ఇటు తిరిగింది.

"బావిలో పూడిక పేరుకుంది. తీయించాలి. రెండ్రోజులు ఎవరూ తోడకండి. మూత పెట్టేస్తాను."

అని, ఊపిరి వదిలాడు. మూత పడుతుంది. ఎవరూ తాగరు. ఎవరి పనీ పోదు. ఆలోచించుకోవడానికి రెండ్రోజులు దొరుకుతాయి. పామూ చావలేదు, కర్రా విరగలేదు. ఇంట్లో ఇద్దరి మధ్య నలిగి నలిగి నేర్చుకున్న విద్య ఒక్కటే ఉంది అతని దగ్గర, దాన్నే వాడాడు.



"రెండ్రోజులా?" అంది వసపిట్ట. "పూడిక కదిపితే తర్వాత నాలుగు రోజులు బురదేగా వచ్చేది. ఓ అత్తా, డ్రమ్ము పట్రా. చిన్నది కాదు, నీలం డ్రమ్ము."

అంతే. వీధి వీధంతా లేచింది. ఒకామె ఇంట్లోకి పరుగెత్తింది, ఇంకొకామె రెండు బకెట్లతో వచ్చింది. ఎదురింటావిడ కిటికీ వదిలి మొదటిసారి బయటపడింది, నెత్తిమీద గంగాళంతో. ఎవరో తొట్టిని రాళ్ళమీద ఈడ్చుకొస్తున్నారు. రెండో తాడు కూడా దిగింది.

"వద్దమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఇవాళ్టినుంచే వద్దు."

"పూడిక అడుగున కదా అన్నయ్యా. పైన తేటగా ఉంది, చూడండి." వసపిట్ట బిందె వంచి చూపించింది. నిజమే, అద్దంలా ఉన్నాయి. "మీకేం, వదిన ఊరెళుతోంది. చంటివాడితో నేనెక్కడికి పోను. ఈ బిందె వాడి పాలకే, ఇంకెవరినీ ముట్టుకోనివ్వను. పెద్దమ్మ చెప్పినట్టు ఇగరకాస్తాను."

మేస్త్రీ తల్లి వైపు చూశాడు. ఆవిడ గట్టు మీంచి లేవబోయి, మళ్ళీ కూర్చుని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాస్త ఎత్తి పెట్టండన్నయ్యా. పచ్చి బాలింతని, వంగలేకపోతున్నాను."

అడిగితే కాదనడం అతనికి రాదు. వంగాడు. బిందె అడుగున ఒక చెయ్యి, మెడ కింద ఒక చెయ్యి వేసి పైకెత్తాడు. నిండు బిందె. వసపిట్ట నడుము ఓరగా పెట్టి చెయ్యి చాపింది.

వ్యాను తలుపు తెరుచుకుంది. కోడలు పిల్లతో దిగింది. వెనకనుంచి అన్న ఏదో అన్నాడు, ఆగలేదు. నడిచి వచ్చి, బిందెకి ఇటుపక్క నిలబడింది. ఆమె భుజం మీద పిల్ల తల నిలపలేక ఊగిసలాడి, తండ్రి వైపు తిరిగింది.

పెళ్ళైననాటినుంచీ మీరు అనే పిలిచింది అతన్ని. గొడవల్లో కూడా.

"ఆ బిందె ఆమెకిచ్చేముందు," అంది, "అందులో ఏముందో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

తాళ్ళు రెండూ ఆగిపోయాయి. వసపిట్ట నవ్వుతూనే వదిన మొహం చూసింది, అన్నయ్య మొహం చూసింది. నవ్వు సగంలో ఉండగానే బిందె మెడ మీద చెయ్యి వేసి తన వైపు లాక్కుంది.

అతను వదల్లేదు. ఇవ్వనూ లేదు.